రెండు వేళ్ళ సందు

బాకరాపేట కనుమ కింద
రోడ్డు వెడల్పుకని కొట్టేసిన చింతమొద్దు మీద
మొలిచిందది.
చెక్కలాంటి కుక్కగొడుగు.
అంచు తెలుపు, వీపున లక్క మెరుపు.
"మాను చెవి మా ఇది.
నరికేసినాక ఎవురన్నా పలకరిస్తారేమోనని
బయట పెట్టుకోనుంది"
అన్నాడు చెంగల్రాయుడు,
మా ల్యాబులో గాజుసామాను కడిగే మనిషి,
పేపరు పొట్లం నా బల్ల మీద పెడతా.
ఎప్పుడూ పళ్ళ సందునే మాట్లాడతాడు.
పొగరనుకునేదాన్ని.

పదకొండు రోజులు నీడన ఎండబెట్టినాం.
వానల్లో తిరపతిలో పదకొండు రోజులంటే
ఫ్యాను కింద కాపలా కాయడమే.
రోట్లో దంగలేదు.
మిక్సీ బ్లేడు రెండుసార్లు విరిగింది.
పొడిని కాగితం గొట్టంలో కూరి
ఆల్కహాల్‌లో కాగబెడితే
ఆవిరై పైకి, చల్లబడి చుక్కలై కిందికి,
మళ్ళీ పైకి,
రాత్రంతా జపం మాదిరి.
తెల్లారేసరికి ఫ్లాస్కు అడుగున
మాడిన బెల్లంపాకం రంగు జిగురు.
వంద గ్రాముల చెవికి నాలుగు గ్రాములు.
నాలుక కొసన పెట్టుకోవాలనిపించింది.
పెట్టుకోలేదు.

అవతలి గదిలో గులాబిరంగు నీళ్ళలో
ఎవరిదో నాలుక పెరుగుతా ఉంది.
ఎప్పుడో, ఏ దేశంలోనో,
ఎవరి నోట్లోనో కోసిన రవ్వంత ముక్క.
డబ్బా మీద నంబరుంది, పేరు లేదు.
ఏ మాట దగ్గర ఆగిపోయిందో తెలీదు.
ఒంటివేడి, రెండ్రోజులకోసారి తిండి.
పెరగడం ఒక్కటే వచ్చు దానికి.

తొంభై ఆరు గుంటల పళ్ళెం.
గుంటకింత నాలుక, గుంటకింత జిగురు.
మూడో రోజు పసుపు రంగు పోస్తాం.
బతికున్న కణం దాన్ని మింగి వంకాయరంగు తిరుగుతుంది.
చచ్చినచోట పసుపు పసుపుగానే ఉండిపోతుంది.
గడపకు పూసేది, తాళికి పూసేది,
నా బల్ల మీదికొచ్చి చావైంది.
ఆ చావు కోసమే నాలుగేళ్ళుగా కాచుకోనుండేది నేను.

ఆ పొద్దు కుడివైపు మూడు వరసలూ పసుపు.
కుర్చీలోంచి లేచి నిలబడినాను.
చేతిలో బీకరు కారతా ఉండగా
చెంగల్రాయుడూ తొంగి చూసినాడు.
"పనిచేసిందా మా?"
"చేసింది."

సోమవారం ఫ్రిజ్జులో ఏడో సీసా
నేను గీసిన గీతకు గోరంత కిందికుంది.
అడగలేదు.
మధ్యాన్నం సింకు పక్కన అతను
రాగిసంకటిని మజ్జిగలో గంజి చేసుకొని
చిన్న చెంచాతో పళ్ళ సందున లోపలికి పంపతా ఉన్నాడు.
చానా సేపు చూసినాను.
"అన్నా, నోరు తెరువు."
తెరిచినాడు.
రెండు వేళ్ళ సందు. అంతే.
బుగ్గ లోపల సున్నం కొట్టిన గోడ మాదిరి తెలుపు,
ఎడమ దవడ దగ్గర మానని ఎర్రటి మచ్చ.
ఇరవై ఏండ్ల వక్కపొడి పొట్లాలు
చించి చించి పోసుకున్న చోటు.

ఆ సాయంత్రమే రెండో పళ్ళెం బయటికి తీసినాను.
అందులోవి జబ్బులేని చిగుళ్ళ కణాలు.
అవీ పసుపే.
అవే మూడు వరసలు.
నా జిగురుకు మంచి నోరు, చెడ్డ నోరు తేడా తెలీదు.
నిప్పుకు తెలుసునా కట్టె ఏ మానుదో.
నోటుబుక్కులో 'తేడా లేదు' అని రాసి
కింద గీత గీస్తే పెన్ను కాగితంలో దిగింది.

"అది మందు కాదన్నా.
గాజులో చచ్చినాయి, అంతే.
గాజు వేరే, ఒళ్ళు వేరే."
అతను తల వంచుకొని
కడిగిన సీసానే మళ్ళీ కడిగినాడు.
"చేదుగా ఉణ్ణింది మా.
చేదైతే మందే అనుకున్నా."

మర్నాడు ఓపీ లైన్లో ఇద్దరం.
టోకెను నూట పద్నాలుగు.
డాక్టరమ్మ ఆ రెండు వేళ్ళ సందులోంచే
కత్తెర పోనిచ్చి బియ్యపు గింజంత కోసింది.
చిన్న డబ్బా. తెల్ల చీటీ.
నర్సు రాసింది: చెంగల్రయుడు, యాభై రెండు, ఎడమ బుగ్గ.
దూది కరుచుకొనే అతను
అక్షరం అక్షరం చదువుకున్నాడు.
'ర'కు దీర్ఘం లేదని వేలు పెట్టి చూపించి,
పెట్టిందాకా
డబ్బా వదల్లేదు.